కొసరుగా పోయిన కత్తెర

అక్క కత్తెర మూసి బల్బుకెదురుగా పట్టుకుంది. కుదురుగా ఉన్న కత్తెరైతే రెండు రెక్కల మధ్య వెంట్రుకవాసి సందులోంచి వెలుతురు గీతలా కనపడాలి. కొసల దగ్గర మాత్రం రెక్కలు రెండూ తాకాలి. అప్పుడే గుడ్డ నలగకుండా తెగుతుంది. బల్బు పసుపు కళ్లలో పడుతోంది. కనపడేది సందో, నూనె మరకో తెలియలేదు. మోచేత్తో కళ్లు తుడుచుకుని మళ్లీ పట్టుకుంది. మళ్లీ అదే పసుపు.

అది మామూలు కత్తెర కాదు. పాతకాలంలో ప్రయాణాలు చేసేవాళ్లు పెట్టెలో వేసుకునే రకం. మూస్తే రెండు పిడులూ కలిసి ఒక పట్టు అవుతాయి. ఆ పిడుల మధ్య ఉక్కుతీగ మెలిక ఒకటి ముడుచుకుని ఉంటుంది. గోటితో లాగితే ముల్లులా అడ్డంగా తెరుచుకుంటుంది. దాన్ని సీసా బిరడాలోకి తిప్పి దింపి, కత్తెర పట్టుకుని లాగితే బిరడా ఊడివస్తుంది. దారం తెంచాలన్నా అదే, సీసా తెరవాలన్నా అదే. తమ్ముడు వేలంలో ఒక పెట్టెడు తుక్కుతోపాటు దీన్ని తెచ్చాడు. తెచ్చినప్పుడు రెక్కలు తుప్పుపట్టి అతుక్కుపోయి ఉన్నాయి. మెలిక మొదలు దగ్గరే విరిగిపోయి ఉంది.

రెక్కలను కిరసనాయిల్లో నానబెట్టి విడదీసింది అక్క. మెలిక కొత్తగా చేసింది. తీగను ఎర్రగా కాల్చి, సన్నటి కడ్డీకి పట్టుకారుతో చుట్టు తర్వాత చుట్టు వేసింది. చుట్ల మధ్య ఎడం సమానంగా రాకపోతే బిరడా చిట్లిపోతుంది. పాడైనవి పాడుకాగా ఒకటి కుదిరింది. దాని కొసను ఆకురాయితో ముల్లులా రాచింది. మళ్లీ కాల్చి నూనెలో ముంచింది. ఉప్పుకాగితంతో అద్దంలా తోమింది. ఇక మిగిలింది పొగరు తీయడమే.

పొగరు తీయడమన్నది వాళ్ల నాన్న మాట. కాల్చి నూనెలో ముంచిన ఉక్కు గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పుటుక్కుమంటుంది. దాన్ని మళ్లీ సన్నటి సెగ మీద మెల్లగా వేడి చేయాలి. అప్పుడు మెరుపు మీద రంగులు ఒకదాని వెనక ఒకటి పాకుతాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత తేనె రంగు, ఆ తర్వాత ఊదా, ఆఖరున నీలం. ఊదా నీలంలోకి తిరిగే క్షణాన తీసి నీళ్లలో వేయాలి. ముందు తీస్తే విరుగుతుంది. ఆలస్యం చేస్తే మెత్తబడి సాగుతుంది. ఆ క్షణం పగటి వెలుతురులో తప్ప దొరకదు. పసుపు బల్బు కింద రంగులన్నీ ఒకటే మురికి.

అక్క లేచి తెర పక్కకు జరిపింది. తెరకు అవతల షాపు. షాపు ముందు వీధివైపు పెద్ద కిటికీ. పొద్దున్న ఎండంతా అందులోంచే వస్తుంది. ఆ ఎండలో తమ్ముడు అద్దాల పెట్టె పెట్టాడు. అందులో చెవి విరిగిన పింగాణీ కుక్క, సాసర్లు లేని కప్పులు, కప్పులు లేని సాసర్లు. పక్కన ఒక కుర్చీ. ఆ కుర్చీలో తమ్ముడు.

"ఏరా, రేపు ఒక్క పూట ఆ పెట్టె పక్కకు జరిపితే నేను కిటికీ దగ్గర కూర్చుంటాను. మెలికకు పొగరు తీయాలి."

"మళ్లీ కిటికీ గొడవేనా? లోపల పెద్ద బల్బు వేయించాను కదక్కా."

"పెద్దదైతే మాత్రం? పసుపు పసుపే."

"ఇన్నాళ్లూ ఎట్లా చేశావో అట్లాగే చెయ్యి."

ఇన్నాళ్లూ వాడు మధ్యాహ్నం తిండికి ఇంటికి పోయినప్పుడు ఈ కిటికీ దగ్గర నిలబడి గబగబా చేసింది. ఇప్పుడు మరదలు క్యారియరు షాపుకే తెస్తోంది. వాడు కదలడం లేదు. 

"నాకు చూపు ఆనడం లేదురా," అంది.

"అద్దాలు మార్పిద్దాం. ఈ నెలలోనే. కాదనను." తమ్ముడు గొంతు తగ్గించాడు. "నువ్విక్కడ పట్టుకారు, పొయ్యి పెట్టుకుని కూర్చుంటే కస్టమర్లకు ఎట్లా ఉంటుంది చెప్పు. పాత వస్తువుల షాపనుకుని వచ్చినవాడు కమ్మరి కొట్టనుకుని పోడా?"

అప్పుడే ఒకాయన తలుపు తోసుకుని వచ్చి గోడ గడియారం బల్ల మీద పెట్టాడు. తమ్ముడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, తల పంకించాడు. "నా చేతిలో పెట్టారుగా. నిశ్చింతగా వెళ్లండి. రెండ్రోజుల్లో పాటలు పాడిస్తాను," అన్నాడు. ఆయన వెళ్లగానే గడియారాన్ని తెర సందులోంచి అక్కకు అందించాడు.

"లోలకం ఆడట్లేదట. చూడు," అన్నాడు.

మర్నాడు ఉప్పుకాగితం అయిపోతే అక్క బజారుకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి గుడ్డ ముక్క ఒక్కటే బల్ల మీద పరిచి ఉంది. దాని మీద కత్తెర లేదు. బల్ల కింద చూసింది. డ్రాయరు లాగింది. బల్ల అంచుకు బిగించిన వైస్ వెనక తడిమింది.

"ఏరా, ఇక్కడ కత్తెర ఏది?"

తమ్ముడు మంచి హుషారు మీద ఉన్నాడు. షాపు మూల ఎన్నాళ్లనుంచో అడ్డంగా ఉన్న సొరుగుల బీరువా లేదు. అది ఉన్నచోట నేల తెల్లగా, చతురస్రంగా కనపడుతోంది.

"బీరువా పోయిందక్కా! రిటైరవుతున్న హెడ్డునర్సట. గడుసుమనిషి. సొరుగు సొరుగూ లాగి వాసన కూడా చూసింది. తాళం తిప్పి తిప్పి చూసింది. ఎవరు బాగుచేశారంది, నేనే మేడమ్ అన్నాను. అయినా పైన ఏదైనా కొసరు ఇస్తే గానీ కదలనని భీష్మించుకు కూర్చుంది. లోపలికొచ్చి చూస్తే నీ కత్తెర ధగధగలాడుతోంది. ఇచ్చేశాను. ఎంత మురిసిపోయిందో!"

అక్క చేతిలో ఉప్పుకాగితం చుట్ట నలిగింది.

"కొసరుగా ఇచ్చావా?"

"కొసరంటే కొసరే. బీరువా కదిలిందా లేదా?"

"అది పూర్తి కాలేదురా."

"అద్దంలా మెరుస్తోందే!"

"మెరుస్తోందంటేనే పని కాలేదని. రంగులు కనపడాలని తోమి పెట్టాను. పొగరు తీశాక ఆ మెరుపుండదు. నాన్న దగ్గర నువ్వూ కూర్చున్నావు కదరా, అంతమాత్రం తెలియదా?"

"నాన్న నన్ను షాపు ముందు కూర్చోబెట్టాడు, నిన్ను తెర వెనక కూర్చోబెట్టాడు. నాకెట్లా తెలుస్తుంది?"

అది నిజమే. అక్క తెల్లటి చతురస్రం వైపు చూస్తూ నిలబడింది.

"మొదటి బిరడాకే విరుగుతుంది. ముక్క ఎగిరి కంట్లో పడితే? ఆవిడ ఇల్లెక్కడో చెప్పు. నేను పోయి తెస్తాను."

"అడుక్కుంటావా? ఇచ్చిన కొసరు వెనక్కి తీసుకున్న షాపని ఊరంతా చెప్పుకుంటారు. సీసాలు తెరిచే మొహంలా లేదులే ఆవిడది. దారాలు కత్తిరించుకుంటుంది. కత్తెర బాగానే ఉంది కదా?"

"కత్తెర బాగుంది."

"ఇంకేం మరి," అని తమ్ముడు కుర్చీలో కూర్చుని కాళ్లు చాపుకున్నాడు.

అక్క లోపలికి వెళ్లి గడియారం విప్పింది. లోలకం కొక్కెం వంకర పోయింది. దాన్ని తిన్నగా చేయడానికి పట్టుకారు పెట్టింది గానీ, చేతికి బలం ఎక్కువై కొక్కెం కాస్తా ఊడి చేతిలోకి వచ్చింది. అట్లా ఆమె చేతిలో ఎప్పుడూ జరగలేదు.

మధ్యాహ్నం మరదలు క్యారియరు తెచ్చి, ఒక గిన్నె తెరలోంచి అందించింది. అక్క మొహం చూసి లోపలికే వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"విన్నాను వదినా. సొమ్మొకరిది సోకొకరిది. ఇంట్లో కూడా అంతే, కూర నేను వండితే ఉప్పు చూసినాయన వంట తనదంటాడు."

"బీరువా ఏ బండిలో పోయింది?"

మరదలు తెర వైపు ఒకసారి చూసింది. "మూల కొట్టు దగ్గర నిలబడే బండాయన. మీసాలాయన. నేను చెప్పానని అనకండి."

నర్సు ఇల్లు గుర్తుచేసుకుని చెప్పడానికి మీసాలాయన చాలాసేపు తీసుకున్నాడు. వీధి పేరు తెలియదు, మెట్లు మాత్రం గుర్తున్నాయన్నాడు. "ఆ బీరువా మోసిన నడుముకు తెలుసమ్మా ఎన్ని మెట్లో," అన్నాడు. చివరకు మందుల షాపు ఎదురుగా పచ్చ తలుపుల మేడ అని తేల్చాడు.

అక్క మెట్లెక్కింది. పై వాటాకు తాళం. కింది వాటా ముసలాయన బనీను మీదే బయటికొచ్చి, "సిస్టరుగారు డ్యూటీకి పోయింది. రేపటితో ఆఖరు. ఇక రోజంతా ఇంట్లోనే ఉండి మమ్మల్ని సాధిస్తుంది," అన్నాడు.

"ఆవిడ వచ్చాక ఒక మాట చెప్తారా?"

"నేను తొందరగా పడుకుంటానమ్మా."

అక్క ఆస్పత్రికి నడిచింది. గేటు దగ్గర వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు. చూసే వేళ కాదన్నాడు.

"పేషెంటు కోసం కాదండి. పెద్ద సిస్టరుగారి కోసం. ఒక్క నిమిషం."

"అందరిదీ ఒక్క నిమిషమే. లోపల రేపు పార్టీ అని ఒకటే హడావిడి. ఏం చెప్పాలో నాకు చెప్పు."

"కత్తెర వాడుకోవచ్చు, దానికున్న మెలిక మాత్రం వాడొద్దని చెప్పండి. విరుగుతుంది. షాపు నుంచి వచ్చానని చెప్పండి."

"ఏం మెలిక?"

"బిరడా తీసే మెలిక."

వాచ్‌మన్ ఆమెను తలనుంచి కాళ్లదాకా చూశాడు. "కత్తెరకు మెలికేమిటమ్మా? బాగానే ఉన్నావా?" అన్నాడు. మళ్లీ తనే జాలిపడి, "సరే, చెప్తాలే. మెలిక. అంతే కదా?" అన్నాడు.

అంతే కాదు. కానీ వెనక అంబులెన్సు హారను కొడుతోంది. వాచ్‌మన్ గేటు తీయడానికి పరుగెత్తాడు. అక్క పక్కకు జరిగి, గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది. ఆకురాయి పట్టి పట్టి కాయకాచిన బొటనవేలిని మరో చేత్తో ఊరికే రుద్దుకుంటూ, ఆస్పత్రి అద్దాల తలుపులు మూసుకునేదాకా చూసింది. తరవాత వచ్చిన దారినే షాపుకు నడిచింది. ఆ పూటంతా తమ్ముడితో మాట్లాడలేదు. వాడది గమనించలేదు. వాడికి వినేవాళ్లు కావాలి గానీ, బదులు పలికేవాళ్లతో పనిలేదు.

పార్టీ అయిన మర్నాడు పొద్దున్నే హెడ్డునర్సు షాపుకు వచ్చింది. తలుపు తోసిన చప్పుడుకే ఆమె ఎట్లా వచ్చిందో అక్కకు అర్థమైంది. తెర వెనక ఆకురాయి ఆపి కూర్చుంది.

"ఏమయ్యా, ఇదేనా నీ కొసరు?"

బల్ల మీద ఏదో ధడాలున పెట్టిన చప్పుడు. అక్క తెర సందులోంచి చూసింది. తువ్వాలులో చుట్టిన సీసా. మూతి దగ్గర బిరడా, బిరడాలో దిగిపోయి మెలిక ముక్క. పక్కన కత్తెర. నర్సు చూపుడువేలికి కట్టు ఉంది. తనే కట్టుకున్నదిలా ఉంది, ఎంత నీటుగా ఉందో.

"నిన్న మా వార్డంతా నా చుట్టూ నిలబడింది. పెద్ద డాక్టరుగారు చప్పట్లు కొట్టడానికి చేతులు కూడా ఎత్తారు. నేను ఠీవిగా దీన్ని తీశాను. అందరూ 'అబ్బో, ఏం వస్తువు' అన్నారు. తిప్పాను, లాగాను, పుటుక్కు! చప్పట్లు కొట్టాల్సినవాళ్లు దూది కోసం పరుగెత్తారు. అన్నేళ్లు అందరికీ కట్లు కట్టి, ఆఖరి రోజున నాకు నేనే కట్టు కట్టుకోవాలా? గేటువాడు కూడా ఏదో చెప్పాడు, ఎవరో ఒకావిడ వచ్చి మెలిక మెలిక అందని. పిచ్చివాళ్లెవరో అనుకున్నాను."

తమ్ముడు కుర్చీలోంచి లేచి, కత్తెర అటూ ఇటూ తిప్పి, నాలుక చప్పరించాడు.

"అయ్యయ్యో. నేను ముట్టుకున్నది కాదండి ఇది. మా అక్క చేసింది. నేను చెయ్యి పెట్టి ఉంటే ఇట్లా అవుతుందా మేడమ్?"

మా అక్క చేసింది. ఆ మాట వాడి నోట కస్టమరు ముందర అక్క వినడం అదే మొదలు. గడియారాలు పాడినప్పుడు వినలేదు. తాళాలు తిరిగినప్పుడు వినలేదు.  వాడెట్లా ఎత్తుకుపోయాడో గట్టిగా అరిచి చెప్పాలనిపించింది. అరవలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుని, తెర తీసుకుని బయటికొచ్చింది. ఎండకు కళ్లు చికిలించుకోవాల్సి వచ్చింది.

"నేనేనండి చేసింది," అంది.

"నువ్వా? ఇట్లాగేనా చేసేది?"

"సగమే చేశానండి. మిగతా సగం ఇంకా ఉండగా తమ్ముడు మీకిచ్చాడు. ఇల్లు వెతుక్కుంటూ వచ్చాను, తాళం వేసి ఉంది. ఆస్పత్రి గేటు దగ్గరికి వచ్చిన పిచ్చిదాన్ని నేనే. వేలికి బాగా తెగిందా?"

నర్సు అక్క మొహాన్ని, రోగి కళ్లు చూసినట్టుగా, కాస్త వంగి చూసింది.

"వేలు పోలేదులే," అంది.

"బీరువా తాళం సరిగ్గా తిరుగుతోందా?"

"తాళానికేం? వెన్నలా తిరుగుతోంది. దానికీ దీనికీ సంబంధమేమిటి?"

"అదీ నేనే చేశానండి. దాని పని పూర్తిగా చేశాను."

 బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. నర్సు మెల్లగా తమ్ముడి వైపు తిరిగింది.

"తాళం నేనే చేశానన్నావు కదయ్యా?"

"అంటే... నేనంటే... షాపు తరఫున అన్నమాట మేడమ్. మేమంతా ఒకటే కదా."

"ఒకటే అయితే ఇది కూడా షాపు తరఫునే విరగాలి కదా. ఇది మాత్రం అక్క ఎట్లా చేసింది?"

తమ్ముడు అద్దాల పెట్టె మీద లేని దుమ్మును చేత్తో తుడిచాడు.

"నాకు చెప్పకు. మా ఆస్పత్రిలో చూసి చూసి ఉన్నాను," అంది నర్సు. "మనిషి బతికితే డాక్టరుగారి హస్తవాసి, పోతే నర్సు నిర్వాకం. నిన్నటితో ఆ పీడ వదిలిందనుకుంటే ఇక్కడా అదే కథ." అక్క వైపు తిరిగింది. "ఏమ్మా, దీన్ని బాగుచేయగలవా లేదా?"

"కొత్త మెలిక చేయాలి. చేస్తాను. కానీ చివర్లో వెలుతురు కావాలండి. ఉక్కు రంగు మారేది లోపల కనపడదు. ఆ వెలుతురు లేకనే అది ఆగిపోయింది."

"వెలుతురెక్కడుంది?"

అక్క కిటికీ వైపు చెయ్యి చూపించింది.

"అయితే అక్కడే చెయ్యి. నా కళ్ల ముందు. సీసా ఇక్కడే ఉంచుతాను, నేనూ ఇక్కడే ఉంటాను. నిన్నటిదాకా నాకు క్షణం తీరికలేదు, ఇవ్వాళ్టినుంచి ఏం చేయాలో తోచట్లేదు," అని నర్సు తమ్ముడి కుర్చీలో కూర్చుంది. "ఈ కుక్కబొమ్మల పెట్టె తీసెయ్యవయ్యా. ఎండకు అడ్డం."

"కస్టమర్లు వస్తారు మేడమ్. చూడ్డానికి బాగుండదు."

"నేనెవర్ని? చుట్టాన్నా?"

తమ్ముడు అక్క వైపు చూశాడు. ఎప్పుడూ ఇట్లాంటప్పుడు అక్కే 'పోనీలేరా' అంటుంది. ఆమె బల్ల అంచుకు వైస్ ఎక్కడ బిగించాలా అని జానతో కొలుస్తోంది. తల ఎత్తలేదు. వాడు పింగాణీ కుక్కను చంకలో పెట్టుకుని పెట్టెను గోడ దాకా ఈడ్చాడు. కప్పులు గలగలలాడాయి.

అక్క లోపలినుంచి వైస్, చిన్న పొయ్యి, తీగచుట్ట తెచ్చుకుంది. మొదట సీసా పని చూసింది. బిరడాలో మిగిలిన ముక్కను పట్టుకారుతో పట్టి, లాగకుండా, దిగిన దారినే వెనక్కి తిప్పింది. ముక్క ఊడి బయటికొచ్చింది. నర్సు దాన్ని అరచేతిలో వేసుకుని విరిగిన చోటు చూసింది.

"గాజులా విరిగిందే."

"అవునండి. ఉక్కుకు పొగరెక్కితే అంతే. అది తీయాలి."

"ఉక్కు ఒక్కదానికేనా?" అంది నర్సు. అక్కకు నవ్వొచ్చింది గానీ తీగ చుడుతోంది, నవ్వితే చుట్టు తప్పుతుంది. పెదవి బిగపట్టుకుంది.

వీధిలో పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు కిటికీ దగ్గర ఆగారు. ఒకావిడ లోపలికి తల పెట్టి, "కత్తెరలు సానపెడతారా?" అని తమ్ముణ్ని అడిగింది. తమ్ముడు అలవాటుగా, "నా చేతిలో పెట్టండి," అనబోయి, నర్సును చూసి, "ఆవిణ్ని అడగండి," అన్నాడు. "మధ్యాహ్నం తేండి," అంది అక్క, చుట్టు మీదనుంచి కళ్లు తిప్పకుండా.

మెలిక కుదిరింది. దాన్ని వైస్‌లో బిగించి చెయ్యి చాపింది. చేతికి ఏమీ తగలలేదు.

"ఏరా, సన్న ఆకురాయి మరిచిపోయాను. లోపలుంది, తెచ్చిపెట్టు."

తమ్ముడు పోయి ఒకటి తెచ్చాడు. అది తలుపులు రాసే మొరటుది. అక్క దాన్ని ఒకసారి చూసి తిరిగిచ్చింది.

"ఇది కాదురా. ఎలుకతోకలా ఉంటుంది, గుండ్రంగా."

వాడు మళ్లీ పోయాడు. ఈసారి తెచ్చింది అసలు ఆకురాయే కాదు, తాళాలు విప్పే పుల్ల. నర్సు కళ్లు పెద్దవి చేసింది.  తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ అడగకముందే తెర తోసుకుని లోపలికి పోయాడు. డ్రాయరు లాగిన చప్పుడైంది. ఏదో కింద పడింది. స్టూలు తన్నుకున్నాడు కాబోలు, 'అబ్బా' అన్నాడు.

అక్క ఎండలో మెలికను కంటికి దగ్గరగా పట్టుకుంది. చుట్లన్నీ విడివిడిగా, ఒక్కో గీతా తెలిసేట్టు కనపడుతున్నాయి. కళ్లు తుడుచుకోవాల్సిన పని రాలేదు.

"అక్కా!" తెర వెనకనుంచి తమ్ముడి గొంతు. "ఇక్కడేమీ కనపడట్లేదే!"

"తడిమి చూడు," అంది అక్క. "చేతికి తగుల్తుంది."